జీర్ణవస్త్రముల చరిత్రము

సంగారెడ్డి జిల్లాలోని మా కిష్టారెడ్డిపేటలో మొన్న వీథిలోనికి చెత్తబండి రాగానే, పొరుగింటివారు మూటెడు బట్టల నందులో పడవైచిరి. చినిగినవి కొన్ని, చినుగనివి పెక్కులు. ఇవి యెవరికైన పనికివచ్చునుగదా యని నేననగా, "పాతబట్ట లెవరికి గావలెను, మాస్టారూ?" యని వారు నవ్విరి. ఆ ప్రశ్నకు చరిత్రమున నుత్తరము గలదు.

బౌద్ధుల వినయపిటకమునందలి చుల్లవగ్గములో నొక వృత్తాంతమున్నది. కౌశాంబీపతియైన ఉదయనుని రాణులు ఆనందునకు ఐదువందల ఉత్తరీయములు దానమిచ్చిరి. సన్న్యాసి కిన్ని బట్టలేల యని రాజు కినిసి, ఆనందునే యడిగెను. చినిగిన బట్టలు గట్టిన భిక్షువులకు వీనిని పంచెదమనియు, వారి పాతవానిని పైపఱపులుగను, అవి జీర్ణింపగా పరుపు గవిసెనలుగను, పిమ్మట నేలపఱపులుగను, కాలితుడుపులుగను, దుమ్ముగుడ్డలుగను వాడుకొందుమనియు, తుదకు ఆ పేలికలను మట్టితో మెదిపి నేల నలుకుదుమనియు ఆనందుడు చెప్పెను. రాజు సంతసించి మఱి యైదువందల వస్త్రముల నిచ్చెను. పొదుపరికే దానము తగునని యాతడు గ్రహించెను.

ఈ శాస్త్రమును మన స్త్రీలు చదువకయే యాచరించిరి. నా బాల్యమున మా నాయనమ్మ పాత నూలుచీరలను నాలుగైదు పొరలుగా పఱచి, నడుమ పేలికలు పేర్చి, పెద్దసూదితో వరుసకుట్లు వేసి బొంత కుట్టెడిది. చీర మెత్తనైనది శిశువునకు ఉయ్యాల. చిన్న ముక్క కడవక్రింద చుట్టకుదురు. మిగిలినది వంటయింట మసిగుడ్డ. సంస్కృతమున బొంతకు కంథ యని పేరు. వంగదేశపు కాంథా నేడు దేశదేశముల కీర్తి గాంచెను. మన బొంతయో, "అతుకులబొంత" యను నిందకు మాత్రమే మిగిలెను. కుట్టిన చేతులకు పేరును రాలేదు, కూలియును రాలేదు.

పశ్చిమదేశములును పేలికల విలువ నెఱుగనివి కావు. పందొమ్మిదవ శతాబ్దమున కొయ్యగుజ్జు వాడుకలోనికి వచ్చువఱకు ఐరోపాలో కాగితమునకు నార, నూలు పేలికలే ముఖ్యాధారము. 1813లో ఇంగ్లండునందలి బాట్లీలో బెంజమిన్ లా యనునతడు పాత ఉన్నిబట్టలను పీచుచేసి మరల నేయించెను. ఆ వృత్తికే మన దేశమున పానిపట్టు నేడు ప్రసిద్ధము.

మఱి మనకేమి కొఱవడెను? 1941లో ఇంగ్లండులో పాలియెస్టరు నూలు పుట్టెను. అది చెమటను పీల్చదు, మట్టిలో చివుకదు. బొంతకును మసిగుడ్డకును అంతగా పనికిరాదు. దానితోడనే సిద్ధపుదుస్తులు చౌకయయ్యెను. పటాన్‌చెరు కర్మాగారములలో పగలెల్ల పనిచేసి వచ్చు స్త్రీకి బొంత కుట్టు తీరిక యెక్కడిది? కావున ఆమెను నిందించుట తగదు.

సంకోచము విడిచి యొకమాట చెప్పవలెను. పాతగుడ్డ కొక రహస్యోపయోగము గలదు. నెలసరి గుడ్డను ఎండలో నారవేయుటకు సిగ్గుపడి, చీకటిమూలల దాచి, స్త్రీలెందఱో రోగముల పాలైరి. దోషము గుడ్డది కాదు, సిగ్గుది. 1999లో అంశు గుప్త స్థాపించిన గూంజ్ సంస్థ నూలుబట్టలను శుభ్రపఱచి ఇట్టి గుడ్డలుగా కుట్టించి పంచుచున్నది. పల్లెవారు బావులు త్రవ్వి, బాటలు వేసికొనినచో ఆ శ్రమకు ప్రతిఫలముగా వస్త్రముల నిచ్చుచున్నది. పుచ్చుకొనువాడు యాచకుడు కాడు. 2015లో గుప్తకు మెగసెసె పురస్కారము లభించెను.

దీనికి విపరీతమును చూచితిమి. 2004 నాటి సునామీ పిమ్మట తమిళదేశమున దాతలు పంపిన బట్టలు దారులవెంట కుప్పలై పడియుండెను. మాసినదియు, చినిగినదియు, వారికి తగనిదియు ఇచ్చుట దానము కాదు; మన యింటి చెత్తను పేదవాని వాకిట వేయుటయే.

కావున చదువరులారా, బట్టను విడుచునప్పుడు ఆనందుని వరుసను స్మరింపుడు. ఉతికి, గుండీ కుట్టి, మనము స్వయముగా కట్టగలిగినదానినే యొరుల కిండు. తక్కినది మన యింటనే తుదివఱకు పనిచేయనిండు. పొరుగింటివారి ప్రశ్నకు నా యుత్తర మిదియే.