దివిసీమ ఉప్పెన: సహాయంలో రాజకీయ భేదాలు

1977 నవంబరు 19న ఉప్పెన కృష్ణా జిల్లా దివిసీమను ముంచెత్తేనాటికి అత్యవసర పరిస్థితి ముగిసి ఎనిమిది నెలలే. కేంద్రంలో జనతా ప్రభుత్వం, రాష్ట్రంలో జలగం వెంగళరావు నేతృత్వంలోని కాంగ్రెసు ప్రభుత్వం. జైళ్లలో మగ్గినవారికీ, వారిని నిర్బంధించిన పక్షానికీ మధ్య గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

మృతులు కనీసం 10,000 మందని అంచనా. కుళ్లుతున్న శవాలకు పార్టీ ఏది? అప్పటికి కొద్ది నెలల క్రితమే నిషేధం తొలగిన రాష్ట్రీయ స్వయంసేవక సంఘం కార్యకర్తలు వాటిని దహనం చేశారు. విజయవాడ నాస్తిక కేంద్రం వారూ, అవనిగడ్డ శాసనసభ్యుడైన కాంగ్రెసు నాయకుడు మండలి వెంకట కృష్ణారావూ ఆ సీమలోనే బాధితులకు అండగా నిలిచారు. భేదాలు సమసిపోయాయనడం మాత్రం తొందరపాటు. అవి పునర్నిర్మాణ దశలో పేర్లుగా తిరిగివచ్చాయి. మూలపాలెంను తిరిగి నిర్మించిన సంఘం ఆ ఊరికి దీనదయాళ్‌పురం అని పేరుపెట్టింది.