భేదియుప్పునుండి మెగ్నీషియము లోపము వఱకు

మందుల దుకాణములలో భేదియుప్పను పేర దొరకు తెల్లని పలుకులను మన పెద్దలలో ఎఱుగనివారు లేరు. కడుపు శుద్ధికని వేడినీట కలిపి ముక్కు మూసికొని త్రాగినవారు దాని చేదును మఱవరు. ఆ యుప్పులో నున్న లోహము మెగ్నీషియము. కడుపులోనిదానిని వెడలగొట్టుటకే పనికివచ్చునని మూడు శతాబ్దులు ఎంచబడిన ఈ పదార్థము లేనిచో ప్రాణి పెరుగదని 1926లో గాని తెలియలేదు. తెలిసిన పిదపను మనుష్యులలో దాని లోపమును గుర్తించుటకు మఱియు కాలము పట్టినది. ఇంత యాలస్యమేల జరిగెనో చెప్పుట నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

లండను నగరమునకు నైరృతి దిశను ఎప్సమ్ అను ఊరు గలదు. 1618వ సంవత్సరమున వానలు లేని వేసవిలో హెన్రీ వికర్ అను పశువుల కాపరి, ఎంత దప్పిగొన్నను తన పశువులు ఒక గుంటలోని నీటిని ముట్టకుండుట చూచెనని చెప్పుదురు. పశువులు త్రాగని నీరు మనుష్యులకు మందైనది. మొదట పుండ్లు కడుగుటకును, పిదప విరేచనమునకును దానిని వాడిరి. లండను పెద్దమనుష్యులు బండ్లు కట్టుకొని వచ్చి ఆ చేదునీరు త్రాగి పోవుచుండిరి. దినచర్య వ్రాసి ప్రసిద్ధికెక్కిన సామ్యుయెల్ పీప్స్ కూడ 1667లో అక్కడికి పోయి త్రాగెను. ఆ నీటినుండి ఉప్పును వేఱుచేసి, దానినిగూర్చి 1695లో లాటిను భాషలో గ్రంథము ప్రకటించినవాడు నెహేమియా గ్రూ అను వైద్యుడు. ఉప్పు తయారుచేయుటకు రాజుగారి పట్టా కూడ ఆయన పొందెను గాని, మౌల్ట్ అను మందుల వర్తకులు ఆయన గ్రంథమును అనుమతి లేకయే ఇంగ్లీషులోనికి మార్చి, తామును ఉప్పు అమ్మసాగిరి. మందుల వ్యాపారములో తగవులు నేడు పుట్టినవి కావు.

ఈ గ్రూ చెట్ల ఆకులను, కాండములను సూక్ష్మదర్శినితో చూచి వృక్షశరీర శాస్త్రమునకు పునాది వేసినవారిలో నొకడు. ఆకుల పచ్చదనమునకును తాను కాచి తీసిన ఉప్పునకును చుట్టఱికము గలదని ఆయన యెఱుగడు. ఎఱుగుటకు అప్పటికి వీలును లేదు. 1755 ప్రాంతమున ఎడిన్‌బరోలో జోసఫ్ బ్లాక్ ఈ యుప్పునుండి వచ్చు మెగ్నీషియా సున్నము కాదనియు, వేఱొక పదార్థమనియు తేల్చెను. 1808లో హంఫ్రీ డేవీ విద్యుచ్ఛక్తితో అందలి లోహమును బయల్పఱచెను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున జర్మనుడైన విల్‌స్టాటర్ ఆకుపచ్చని పత్రహరితమును శోధింపగా దాని నడుమ మెగ్నీషియము కనబడినది. మన నెత్తుటి యెఱ్ఱదనములో ఇనుమున్న చోటనే ఆకు పచ్చదనములో ఈ లోహమున్నది. ఆయనకు 1915లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

ఆకులోనున్నది గింజలోనికిని, గింజలోనున్నది తినువానిలోనికిని వచ్చును. సామాన్యమైన యే యాహారములో నైనను ఈ పదార్థము కొంత యుండుటచేతనే, అది లేనిచో ఏమగునో చూచుట ఎవరికిని సాధ్యము కాకపోయినది. లేమిని చూపవలెనన్న ముందుగా దానిని కల్పింపవలెను. 1926లో ఫ్రాన్సు దేశీయుడైన లెరోయ్ అట్టి యాహారము పెట్టి, చిట్టెలుకల పెరుగుదల ఆగిపోవుట చూపెను. 1932లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున క్రూస్, ఎల్సా ఓరెంట్, మెకాలమ్ అను మువ్వురు ఎలుకల యాహారమును ఎంతో శ్రమతో శుద్ధిచేసి, పది లక్షల పాళ్ళలో రెండు పాళ్ళకంటె తక్కువ మెగ్నీషియము మిగులునట్లు చేసిరి. కొలదిదినములలో ఎలుకల చెవులు, పాదములు నెత్తురు క్రమ్మి ఎఱ్ఱబాఱినవి. పిమ్మట అవి ఊరక యుండజాలవు. చిన్న చప్పుడైనచో వెఱ్ఱిగా పరుగెత్తి, పడి, మూర్ఛిల్లి, పెక్కు చచ్చినవి. కండరములను బిగించునది సున్నపుధాతువైన కాల్షియము. ఆ బిగువును, నరముల యుద్రేకమును అదుపులో నుంచునది మెగ్నీషియము. అదుపు తొలగినపుడు ఏమగునో ఆ ఎలుకలు చూపినవి.

అంతకు రెండేండ్లు ముందు హాలండు పాడిరైతుల బాధకు కారణము దొరికినది. అచ్చట చలికాలమంతయు కొట్టములలో కట్టివేసిన ఆవులను వసంతమున లేతపచ్చికకు తోలుదురు. కన్నులపండువుగా మేయుచున్న పాడియావు ఉన్నట్లుండి వణకి, తూలి, పడి, కాళ్ళు తన్నుకొని, కొన్ని గంటలలో ప్రాణము విడుచును. సాధారణముగా ఎక్కువ పాలిచ్చు ఆవే పోవును. 1930లో ష్యొలెమా అను ఆచార్యుడును ఆయన సహచరులును అట్టి యావుల నెత్తుటిలో మెగ్నీషియము తగ్గినదని కనిపెట్టిరి. పచ్చని గడ్డి నడుమ నిలిచి, పచ్చదనపు ధాతువు చాలక పశువు చచ్చుట వింత గదా! చల్లని దినములలో త్వరగా ఎదిగిన లేతగడ్డిలో ఈ ధాతువు తక్కువ. పొటాషు ఎరువు మెండుగా వేసిన పొలములో, గడ్డినుండి వచ్చు పొటాషియము ఆవు పొట్టలో మెగ్నీషియమును లోనికి పోనీయదు. పాలలో దినదినము పోవునది పోవుచునే యుండును. ఎముకలలో నిలువ యున్నను ముసలి పశువు దానిని వేగముగా తీయజాలదు. కావున దిగుబడి కోరి వేసిన ఎరువే దిగుబడినిచ్చు పశువునకు ముప్పు తెచ్చినది.

మనుష్యుల సంగతి యింత తేటగా తెలియలేదు. 1934లో హిర్ష్‌ఫెల్డర్, హారీ అను వైద్యులు నెత్తుటిలో మెగ్నీషియము తగ్గి కండరములు అదరుటయు, ఈడ్పులు వచ్చుటయు గల రోగులను వర్ణించిరి. వైద్యలోకము దానిని పెద్దగా పట్టించుకొన్నట్లు లేదు. 1954లో ఎడ్మండ్ ఫ్లింక్, మితిమీరిన మద్యపానమువలన వణకుచు కలవరించు వారిలోను, నెలల తరబడి సూదిద్వారా ద్రవములతోనే పోషింపబడిన వారిలోను ఈ లోపమును చూపెను. కొలుచుట కష్టమగుట ఉపేక్షకు ఒక కారణము. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ జ్వాలగుండ పోవు కాంతిని బట్టి ధాతువులను కొలుచు పద్ధతిని ప్రకటించిన పిదప, పెద్ద ఆసుపత్రులలో అది సులువైనది.

కాని నెత్తుటి లెక్కయే మోసము చేయగలదు. పెద్దవాని శరీరములో సుమారు 25 గ్రాముల మెగ్నీషియము గలదు. అందు సగమునకు పైగా ఎముకలలోను, మిగిలినది కండలలోను ఇతర కణములలోను ఉండును. నెత్తుటి ద్రవములోనిది నూటికి ఒక పాలు కూడ కాదు. ఇల్లు ఖాళీయగుచున్నను గుమ్మము నిండుగా కనబడినట్లు, లోపల కొఱత యున్నను నెత్తురు సరిగనే యుండవచ్చును.

1960ల దశకమున న్యూయార్కులో మారిస్ షిల్స్, తమ యిష్టమున ముందుకు వచ్చిన వారికి మెగ్నీషియము లేని యాహారమిచ్చి పరీక్షించెను. ఫలితములు 1969లో వెలువడినవి. ఆహారములో కాల్షియము, పొటాషియము చాలినంత యున్నను నెత్తుటిలో ఆ రెండును తగ్గినవి. మెగ్నీషియము మరల ఇచ్చిన పిమ్మటనే అవి కుదుటబడినవి. కాల్షియమును కాపాడు హార్మోనును కంఠములోని చిన్నగ్రంథులు స్రవించుటకు సైతము ఈ ధాతువు కావలెనని తరువాత తెలిసినది. నా తలంపున ఈ చరిత్రలో వైద్యునకు మిక్కిలి అక్కఱకు వచ్చునది యిదియే. ఈడ్పులు వచ్చు బిడ్డకు కాల్షియము ఎంత యిచ్చినను నిలువకున్నచో, లోపము వేఱొకచోట నుండవచ్చును. తిండిలేక చిక్కి విరేచనములతో నీరసించిన పిల్లలలో మెగ్నీషియము హరించుట 1960లలో నైజీరియాలో జోన్ కాడెల్ అను వైద్యురాలు చూపెను. తీవ్రముగా చిక్కిన బిడ్డల చికిత్సలో ఇప్పుడు పొటాషియముతోపాటు మెగ్నీషియమును చేర్చుచున్నారు.

మన తిండి మాట యేమి? బియ్యపుగింజలో ఈ ధాతువు ఎక్కువగా పైపొరలోను, మొలకలోను ఉండును. దంపుడు బియ్యములో నిలుచునది, మర పట్టి తెల్లగా చేసిన బియ్యములో పెద్దభాగము తవుడుతో పోవును. చోళ్ళు, పెసలు, నువ్వులు, ఆకుకూరలు ఆ వెలితిని తీర్చగలవు. ఇట్లనుటచే ప్రతి నీరసమునకును, ప్రతి పిక్కపట్టునకును ఇదియే మూలమని చెప్పు ప్రకటనలను నమ్ముడని నా యభిప్రాయము కాదు. మూత్రపిండములు చెడినవారికి ఈ యుప్పు ఒంటిలో కూడుకొని హాని చేయును. ఆరోగ్యవంతుడై పప్పు, కూర తినువానికి తీవ్రమైన లోపము అరుదు. దీర్ఘకాలపు విరేచనములు, మద్యపానము, అదుపులేని మధుమేహము, కొన్ని మందులు దానిని తెచ్చిపెట్టును.

ఆ మందులలో కడుపుమంటకై యిచ్చు ఆమ్లనిరోధకములు కొన్ని గలవు. వైద్యుని అడుగకయే వీనిని ఏండ్ల తరబడి మ్రింగువారు ఎందఱో. దీర్ఘకాలము వాడువారికి నెత్తుటిలో మెగ్నీషియము తగ్గవచ్చునని 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించెను. ఆ సంస్థ పరిశీలించిన రోగులలో సుమారు నాల్గవవంతు మందికి, మెగ్నీషియము ఎంత యిచ్చినను చాలలేదు. కడుపుమంట మాత్రను మానిపింపవలసి వచ్చెను.