ముడుమాల్‌ నిలువురాళ్లు: 3 వేల ఏళ్లు దాటిన రాళ్లు.. యునెస్కో తాత్కాలిక జాబితాలో పేరు.. మరి రక్షణ సంగతేంటి?

కృష్ణా నది ఒడ్డున పొలాల మధ్య మనిషికి రెండింతల ఎత్తున నిలబడ్డ బండరాళ్లు. చూస్తే ఎవరో సరిహద్దు రాళ్లు పాతారేమో అనిపిస్తుంది. కానీ వీటి వయసు 3 వేల ఏళ్ల పైమాటే! నారాయణపేట జిల్లా కృష్ణా మండలం ముడుమాల్‌లో ఉన్న వీటిని స్థానికులు 'నిలువురాళ్లు' అంటారు. పురావస్తు నిపుణులు మెన్‌హిర్లు అని పిలుస్తారు.

ఏమున్నాయి అక్కడ?

సుమారు 80 ఎకరాల్లో 80 దాకా ఎత్తైన నిలువురాళ్లు, వాటి చుట్టూ వరుసల్లో వేల సంఖ్యలో చిన్న రాళ్లు ఉన్నాయి. ఇది బృహత్‌ శిలాయుగం నాటి స్థలం.

రాళ్లతో క్యాలెండర్‌!

హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీ ప్రొఫెసర్‌ కె.పి.రావు ఈ స్థలంపై ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. కొన్ని రాళ్ల వరుసలు ఏడాదిలో ప్రత్యేకమైన రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిపోతున్నట్టు గుర్తించారు. ఇంకో రాయిపై చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. అవి సప్తర్షి మండలం ఆకారంలో ఉండటం ఇక్కడి స్పెషాలిటీ. టెలిస్కోప్‌ లేని కాలంలో ఆకాశాన్ని రాతి మీదకు దించారన్నమాట.

అమ్మవారిగా పూజలు

శాపం తగిలి మనుషులే ఇలా రాళ్లయ్యారని ఊళ్లో ఓ కథ ఉంది. ఒక నిలువురాయిని ఎల్లమ్మ తల్లిగా కొలుస్తారు. ఆ భక్తే ఆ రాయిని ఎవరూ కదపకుండా కాపాడుతోంది.

యునెస్కో ఏమంది?

2025 మార్చిలో భారత్‌ నుంచి తాత్కాలిక జాబితాలో చేరిన 6 స్థలాల్లో ముడుమాల్‌ ఒకటి. అయితే ఇది వారసత్వ హోదా కాదు, తొలి మెట్టు మాత్రమే. కనీసం ఏడాది ఈ లిస్టులో ఉన్నాకే కేంద్రం పూర్తి నామినేషన్‌ పంపాలి. ఆ తర్వాత నిపుణులు వచ్చి స్థలాన్ని పరిశీలిస్తారు. 2014లో తాత్కాలిక జాబితాలోకి వెళ్లిన రామప్పకు హోదా దక్కింది 2021లో.

అప్పటిదాకా ఎలా?

గుడికైతే గోడ ఉంటుంది, తాళం ఉంటుంది. ఇక్కడున్నవి ఆరుబయట రాళ్లు. పెద్దరాయి పడిపోతే అందరికీ కనిపిస్తుంది. వరుసలోంచి చిన్నరాయి పక్కకు జరిగితే ఎవరూ గమనించరు. కానీ సూర్యుడి దిక్కును చూపించేది ఆ వరుసే. రాయి ఉన్నా, చోటు మారితే దాని అర్థం పోయినట్టే.

చూడటానికి వెళ్లేవారు రాళ్లపైకి ఎక్కొద్దు, పేర్లు చెక్కొద్దు, చిన్న రాయినైనా కదపొద్దు.