బీటిల్స్: ఏ ప్రతి విని తీర్పు చెబుతున్నాం?

బీటిల్స్ అభిమానులు ఇద్దరు ఒకచోట చేరితే రెండు ప్రశ్నలు తప్పవు. వారి ఆల్బముల్లో ఉత్తమమైనది ఏది? అన్నిటికంటె పేలవమైనది ఏది? మొదటి ప్రశ్న దగ్గర సార్జెంట్ పెప్పర్, రివాల్వర్, అబీ రోడ్, వైట్ ఆల్బమ్ అని నాలుగు పక్షాలు ఏర్పడతాయి. రబ్బర్ సోల్ పక్షంవారు సంఖ్యలో తక్కువైనా గొంతులో తీసిపోరు. రెండవ ప్రశ్న దగ్గర ఎల్లో సబ్‌మరీన్, లెట్ ఇట్ బి, బీటిల్స్ ఫర్ సేల్ వంతులవారీగా బోనెక్కుతుంటాయి. 1970లో బృందం విడిపోయి అర్ధశతాబ్దం దాటినా ఈ వ్యాజ్యం తేలలేదు. లోకో భిన్నరుచిః అని సరిపెట్టుకోవడం సులభమే. కాని ఈ తగవు చరిత్రను కొంత తవ్వి చూస్తే నాకు మరొక కారణం కనబడుతోంది. వాదించుకుంటున్నవారు చాలా సందర్భాల్లో ఒకే రికార్డును వినలేదు. పేరు ఒకటే, లోపలి పాటలు వేరు, వాటి వరుస వేరు, ఒక్కోచోట శ్రుతి కూడా వేరు.

పాత సాహిత్యం చదివే మిత్రులకు ఈ పరిస్థితి పరిచితమే. సి.పి. బ్రౌన్ వ్రాతప్రతులు పోగుచేసి, ఒకదానితో ఒకటి పోల్చి, 1829లో వేమన పద్యాలను అచ్చువేయించేనాటికి అవి ప్రతికొక తీరుగా ఉన్నాయి. వేమన కవిత్వం మీద ఎవరైనా తీర్పు చెబితే, "ఏ ప్రతి చూసి అంటున్నారు?" అని అడగవలసిన అవసరం అప్పటినుంచీ ఉంది. కర్మాగారంలో లక్షల సంఖ్యలో తయారయ్యే గ్రామఫోను రికార్డుకు పాఠాంతరాల బెడద ఉండదని మనం అనుకుంటాం. బీటిల్స్ విషయంలో ఆ బెడద దండిగా ఉంది.

1960లలో బ్రిటన్‌లో ఒక ఎల్.పి. రికార్డుకు పద్నాలుగు పాటలు ఉండడం పరిపాటి. విడిగా సింగిల్‌గా వచ్చిన పాటను మళ్ళీ ఎల్.పి.లో చేర్చడం కొన్నవాణ్ణి మోసగించడమే అన్న భావం కూడా అక్కడ ఉండేది. అమెరికాలో ఆచారం ఇందుకు విరుద్ధం. అక్కడ హక్కుల రుసుము పాట లెక్కన చెల్లించాలి కనుక ఒక్కో రికార్డుకు పదకొండో పన్నెండో పాటలు చాలునన్నారు. జనం మెచ్చిన సింగిల్ లోపల ఉంటేనే ఎల్.పి. అమ్ముడుపోతుందన్నారు. బీటిల్స్ పాటలను అమెరికాలో విడుదల చేసే క్యాపిటల్ సంస్థ ఈ లెక్క ప్రకారం బ్రిటిష్ ఆల్బములను విప్పి, పాటలు తగ్గించి, సింగిళ్ళు కలిపి, మిగిలిన పాటలతో అదనపు ఆల్బములు కుట్టింది. 1967లో సార్జెంట్ పెప్పర్ వచ్చేదాకా ఈ కోతా కుట్టూ సాగుతూనే ఉన్నాయి.

దీని ఫలితం అన్నిటికంటె తీవ్రంగా పడినది రివాల్వర్ మీద. 1966 ఆగస్టులో బ్రిటన్‌లో వెలువడిన రివాల్వర్‌లో పద్నాలుగు పాటలున్నాయి. ప్రధానంగా జాన్ లెనన్ రాసినవి ఐదు, పాల్ మకార్ట్నీవి ఆరు, జార్జ్ హ్యారిసన్‌వి మూడు. ఆ లెనన్ పాటల్లో మూడింటిని, ఐయామ్ ఓన్లీ స్లీపింగ్, అండ్ యువర్ బర్డ్ క్యాన్ సింగ్, డాక్టర్ రాబర్ట్ అనేవాటిని, క్యాపిటల్ ముందే తీసుకుని 1966 జూన్‌లో యెస్టర్డే అండ్ టుడే అనే ఆల్బములో వాడేసింది. కనుక అమెరికాలో రివాల్వర్ పదకొండు పాటలకు కుదించుకుపోయింది. అందులో లెనన్‌కు దక్కినవి రెండే, హ్యారిసన్‌కు మూడు. బృందాన్ని స్థాపించినవాడు తన ఆల్బములోనే మూడోవాడైపోయాడు. ఆ ప్రతిని విన్న అమెరికన్ శ్రోత, "బాగానే ఉందిగాని పెప్పర్ ముందు తీసికట్టే" అని ఉంటే తప్పు పట్టగలమా? ఆయన విన్న పుస్తకంలో మూడు అధ్యాయాలు లేవు.

1987లో బీటిల్స్ ఆల్బములు సీడీలుగా వెలువడ్డాయి. అప్పుడు ప్రపంచమంతటికీ బ్రిటిష్ పాఠాన్నే ప్రమాణంగా నిర్ణయించారు. అమెరికాలో చాలామంది పద్నాలుగు పాటల రివాల్వర్‌ను తొలిసారిగా అప్పుడే విన్నారు. ఆ తరువాత దాని ప్రతిష్ఠ క్రమంగా పెరిగింది. కోలిన్ లార్కిన్ సంకలనం చేసిన వెయ్యి ఆల్బముల జాబితాలో 1994లో సార్జెంట్ పెప్పర్ మొదటిది. 2000 నాటి కూర్పులో రివాల్వర్ మొదటిది. అభిరుచులు మారడం ఇందుకు కొంత కారణం. 1967 నాటి పూలచొక్కాల ఉత్సాహం తరువాతి తరాలకు పాతబడినట్లు తోచి ఉండవచ్చు. కాని వినే ప్రతి మారడం కూడా అంతే కారణమని నా నమ్మకం.

అయితే అమెరికన్ పాఠాలన్నీ భ్రష్టపాఠాలే అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఇక్కడే కథ చిక్కుపడుతుంది. 1965 డిసెంబరు నాటి రబ్బర్ సోల్ నుంచి క్యాపిటల్ నాలుగు పాటలు తీసి, అంతకుముందరి హెల్ప్ ఆల్బము బ్రిటిష్ కూర్పులోని రెండు పాటలు చేర్చింది. డ్రైవ్ మై కార్ అనే గట్టి దరువు పాట పోయి, ఆ స్థానంలో గిటారు మీటుతో సాగే ఐవ్ జస్ట్ సీన్ ఎ ఫేస్ మొదటి పాటగా వచ్చింది. దాంతో ఆల్బము మొత్తానికి జానపద ఛాయ, ఒక ఏకరసత ఏర్పడ్డాయి. బీచ్ బాయ్స్ బృందానికి చెందిన బ్రయన్ విల్సన్ విని చలించిపోయింది ఈ అమెరికన్ కూర్పునే. ఒక్క నాసిరకం పాటైనా లేకుండా మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున నడిచే ఆల్బము తానూ చేయాలని పూనుకుని 1966లో పెట్ సౌండ్స్ చేశాడు. దాన్ని విని మకార్ట్నీ సార్జెంట్ పెప్పర్‌కు ప్రేరణ పొందాడు. అంటే వ్యాపారి కత్తిరించి కుట్టిన ప్రతి ఒకటి సంగీత చరిత్రను ముందుకు నెట్టింది. పండితులు ప్రక్షిప్తమని తోసిపుచ్చిన పద్యమే జనం నాలుకల మీద నిలిచిపోవడం మనమూ ఎరిగినదే కదా.

మరొక ఉదాహరణ మ్యాజికల్ మిస్టరీ టూర్. 1967 చివర బ్రిటన్‌లో అది ఆరు పాటల జంట ఈ.పి. మాత్రమే. అమెరికాలో దానికి ఆ సంవత్సరపు సింగిళ్ళు జోడించి పదకొండు పాటల ఎల్.పి. చేశారు. 1987లో సీడీల ప్రమాణ జాబితా నిర్ణయించినప్పుడు ఇదొక్కటీ అమెరికన్ కూర్పులోనే చోటు సంపాదించుకుంది. స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్, పెన్నీ లేన్ అనే రెండు పాటలు ఈ ఆల్బముకు దక్కింది అలాగే. నిజానికి ఆ రెండూ సార్జెంట్ పెప్పర్ కోసం మొదలుపెట్టిన పనిలో భాగం. 1967 ఫిబ్రవరిలో సింగిల్‌గా ఇచ్చేసినందువల్ల ఆల్బములోకి ఎక్కలేదు. అలా వదిలేయడం తన వృత్తి జీవితంలో చేసిన పెద్ద పొరపాటని నిర్మాత జార్జ్ మార్టిన్ తరువాత ఒప్పుకున్నాడు. ఆ రెండు పాటలూ ఉన్న పెప్పర్‌ను ఊహించుకుని చూడండి, మన తగవులో సగం అక్కడే తేలిపోతుంది.

పెప్పర్ విషయంలో పాటల జాబితా రెండు దేశాల్లోనూ ఒకటే. అయినా పాఠభేదం తప్పలేదు. 1967లో ఇళ్ళల్లో ఎక్కువగా ఉన్నవి మోనో యంత్రాలు. బీటిల్స్ దగ్గరుండి శ్రద్ధగా చేయించుకున్నది మోనో మిశ్రమం. స్టీరియో మిశ్రమాన్ని వారు లేకుండా ఇంజనీర్లు తక్కువ వ్యవధిలో ముగించారు. షీ ఈజ్ లీవింగ్ హోమ్ పాట మోనోలో వేగంగా, సుమారు ఒక అరస్వరం హెచ్చు శ్రుతిలో నడుస్తుంది. స్టీరియోలో మందగించి దిగులుగా వినిపిస్తుంది. 1987 నాటి పెప్పర్ సీడీ స్టీరియోది. మోనో కూర్పు సీడీగా రావడానికి 2009 దాకా ఆగవలసి వచ్చింది. "ఈ పాట సాగతీతగా ఉంది" అని ఒకరూ, "లేదు, చకచకా నడుస్తుంది" అని మరొకరూ అంటే, ఇద్దరూ సత్యమే చెబుతున్నారన్నమాట.

ఇక పేలవమైన ఆల్బముల సంగతి. లెట్ ఇట్ బి కేసు అన్నిటికంటె జాలిగొలిపేది. అందులోని పాటల్లో అధికభాగం 1969 జనవరిలో రికార్డు చేశారు, అంటే అబీ రోడ్ కంటె ముందు. పని నచ్చక పక్కన పెట్టారు. 1970లో ఫిల్ స్పెక్టర్ చేతికిచ్చి వాద్యబృందం, గాయక బృందం చేర్పించి మే నెలలో విడుదల చేశారు. అప్పటికి బృందం విడిపోయిన వార్త లోకమంతా తెలిసిపోయింది. ఆ విధంగా పక్కన పడేసిన చిత్తుప్రతి కాస్తా మరణశాసనమై కూర్చుంది. విమర్శకులు చావు మేళానికి ఇదా సంగీతం అన్నట్లు దులిపేశారు. ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్ పాట మీద తనను అడగకుండా వాద్యాలు పరచడం మకార్ట్నీకి ఎంత మంట పుట్టించిందంటే, బృందాన్ని చట్టరీత్యా రద్దు చేయమని 1970 డిసెంబరు 31న వేసిన దావాలో దాన్నీ ఒక కారణంగా చూపాడు. 2003లో ఆ అలంకారాలు ఒలిచేసి లెట్ ఇట్ బి నేకెడ్ పేరిట మరో కూర్పు తెచ్చారు. 2021లో, మొదట గ్లిన్ జాన్స్ కూర్చగా బృందం తిరస్కరించిన పాఠం కూడా బయటికి వచ్చింది. ఇప్పుడు "లెట్ ఇట్ బి అధమం" అనే పెద్దమనిషిని ఏమని అడగాలి? మూడింటిలో ఏది అధమం అని అడగాలి.

బీటిల్స్ ఫర్ సేల్ 1964 డిసెంబరు నాటిది. ఇరవై ఒక్క నెలల్లో నాలుగో ఆల్బము. అంతకుముందరి ఎ హార్డ్ డేస్ నైట్‌లో పదమూడు పాటలూ లెనన్, మకార్ట్నీ సొంతవి కాగా, ఇందులో ఆరు పాటలు ఇతరులవి. ఆ నలుగురి అలసట అట్టమీది ముఖాల్లోనే కనిపిస్తుంది. బ్రిటిష్ అభిమానులకు ఇది పల్లం. అమెరికాలో ఈ పేరుతో ఆల్బమే రాలేదు. ఇందులోని ఎనిమిది పాటలకు ఐ ఫీల్ ఫైన్ వంటివి మూడు చేర్చి బీటిల్స్ 65 అని అమ్మారు. అది అక్కడ ప్రథమస్థానం పొందింది. ఒక దేశంలో పల్లమైనది మరొక దేశంలో మెరకైంది. ఎల్లో సబ్‌మరీన్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు: అందులో బీటిల్స్ పాటలు ఆరు, వాటిలో కొత్తవి నాలుగు, రెండవ వైపంతా జార్జ్ మార్టిన్ సినిమా వాద్యసంగీతం. దాన్ని ఆల్బముల పందెంలో నిలబెట్టడమే అన్యాయం.

పాఠం ఒక్కటే అయినా వినే చెవి వేరైతే ఏమవుతుందో చెప్పడానికి పెప్పర్‌లోని వితిన్ యు వితౌట్ యు ఉంది. హ్యారిసన్ లండన్‌లోని భారతీయ వాద్యకారులతో దిల్‌రుబా, తబలా, తంబురాలు పెట్టుకుని చేసిన పాట, నిడివి అయిదు నిమిషాల పైచిలుకు. ఉత్తమ ఆల్బములో అధమమైన పాట అని దీన్ని ఎందరో పాశ్చాత్య అభిమానులు ముల్లు ఎత్తి దాటవేస్తారు. ఎందుకని అడిగితే, మరీ పొడుగు, ఏమీ జరగదు అంటారు. ఆలాపన వినడం అలవాటైన మనకు అయిదు నిమిషాలు శ్రుతి సరిచూసుకోవడానికే చాలవు. హ్యారిసన్ గమకాలు మనల్ని మెప్పించకపోవచ్చు. కాని ఏమీ జరగడం లేదన్న ఫిర్యాదు మాత్రం మన చెవికి అర్థం కాదు.

2003లో రోలింగ్ స్టోన్ పత్రిక అయిదువందల ఆల్బముల జాబితాలో పెప్పర్‌ను మొదట నిలిపింది. 2020లో కొత్త న్యాయనిర్ణేతలతో మళ్ళీ చేసినప్పుడు మార్విన్ గే ఆల్బము మొదటికి వచ్చింది. అబీ రోడ్ 5, రివాల్వర్ 11, పెప్పర్ 24. పదిహేడేళ్ళలో ఆల్బములోని పాటలు మారలేదు, వినేవారు మారారు. 2017లో పెప్పర్‌ను, 2022లో రివాల్వర్‌ను కొత్తగా మిశ్రమం చేశారు. రివాల్వర్‌కైతే ఒకే పట్టీ మీద కలిసిపోయిన వాద్యాలను యంత్రం చేత విడదీయించారు కూడా. కొత్తగా వినడం మొదలుపెట్టిన కుర్రవాడికి ముందుగా దొరికేది ఈ పాఠమే. నాకు బెంగ కలిగేది ఇక్కడే. కొత్త కూర్పు చెవికి ఇంపుగా ఉండవచ్చు. కాని పాత ప్రతులు కనుమరుగైతే, 1966లో ఒక అమెరికన్ కుర్రవాడు రివాల్వర్ విని ఎందుకు పెదవి విరిచాడో, విల్సన్ రబ్బర్ సోల్ విని ఎందుకు నిద్ర మానుకున్నాడో మనకు బోధపడదు. వారి తీర్పులు తెలివితక్కువగా కనిపిస్తాయి. పాఠం పోతే దానితోపాటు పాఠకుడి పరువూ పోతుంది.

నా మటుకు నాకు పద్నాలుగు పాటల రివాల్వర్ ఉత్తమం, బ్రిటిష్ పాఠంలోని బీటిల్స్ ఫర్ సేల్ పేలవం. పాఠం పేరు చెప్పాను కనుక ఇక ధైర్యంగా తిట్టండి. మీరూ మీ తీర్పు రాసేటప్పుడు ఏ ప్రతి విన్నారో, క్యాసెట్టా, ఎల్.పి.నా, సీడీయా, ముందు ఆ ముక్క చెప్పి మొదలుపెట్టండి. కొన్ని తగవులు అక్కడే తీరిపోతాయి. మిగిలినవాటిని సావకాశంగా కొనసాగిద్దాం.