గడప కాడి మాట

జనగామ దిక్కు తరిగొప్పులకు కొత్త మనిషి వస్తే అరుగు మీది ముసలవ్వ ముందు పేరు అడగదు. "ఎవలింటికి వచ్చినవ్ బిడ్డా? ఏ ఊరు మీది?" అంటుంది. జవాబు వినగానే వరస తేలుతుంది. బావ వరసైతే ఆడపిల్లలు ఊరుకోరు. చిన్నాయన వరసైతే మంచినీళ్లిచ్చి పక్కకు జరుగుతారు. ఎవరిని ఆటపట్టించవచ్చో, ఎవరి ముందు నోరు మెదపకూడదో తేల్చేది వరసే. కులం వేరైనా ఊళ్లో వరస కలుపుకొనే పిలుచుకుంటారు.

వరసను బట్టి సాగే ఈ మాటకారితనం ఇవాళ్టిది కాదు. శాతవాహనుల కాలం నాటి హాలుని గాథాసప్తశతి ప్రాకృత గ్రంథమే అయినా, అందులో అత్త, పొట్ట, పిల్ల వంటి తెలుగు మాటలను పండితులు ఎత్తి చూపారు. అత్తతో కోడలు, వదినెతో మరిది ఆడే మాటలు ఆ గాథల్లో కొల్లలు. తరవాతి కాలంలో ఈ జనగామ సీమలోని పాలకుర్తి పేరు మోసిన సోమనాథుడు ఇళ్లలో నలిగిన జాను తెనుగును, సామెతలను ద్విపదలోకి తెచ్చాడు. 1868లో కెప్టెన్ కార్ తెలుగు సామెతలను పోగుచేసి మద్రాసులో అచ్చు వేయించాడు. ఓరుగల్లు దిక్కు దేవనూరు బిడ్డ బిరుదురాజు రామరాజు 1950లలో ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేశాకే మన ఇంటి పాటకు విశ్వవిద్యాలయంలో పీట దొరికింది.

మన దిక్కు సామెతను శాత్రం అంటారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు. ఈ శాత్రంలో ఇద్దరికీ చెరో దెబ్బ ఉంది, అందుకే ఇద్దరూ నవ్వగలరు. కోడలు నలుపైతే కులమంతా నలుపు అన్నదాన్ని మాత్రం నేను పరాచికం అనను. దానికి ఆ పిల్ల ఏమని బదులు చెబుతుంది? ఎదురు చెప్పే వీలు లేని మాట ఎంత పాతదైనా దెప్పుడే. అలాంటివి పోతే నాకు దిగులు లేదు.

దిగులంతా ఎదురుమాట పోతుందనే. బొమ్మలకు పేరుపడ్డ చేర్యాల నుంచి వచ్చిన వదినెను "బొమ్మలెక్క నిలబడ్డవేంది వదినె?" అని ఆడబిడ్డ అంటే, "బొమ్మను జూసే కదా మీ అన్న మనసు పడ్డది" అని ఆమె అంటించాలి. 2016 అక్టోబరులో చేర్యాల సిద్దిపేట జిల్లాకు పోయింది, తరిగొప్పుల జనగామ జిల్లాలో మండలమైంది. "మీ జిల్లోల్లు గింతే" అని ఆటపట్టించడానికి ఇంకో సాకు దొరికింది.

ఇలాంటి చుట్టరికాల గురించే 1940లో రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. పెళ్లితో కలిసిన ఇళ్ల మధ్య దగ్గరితనమూ ఉంటుంది, దూరమూ ఉంటుంది. ఆ రెంటి మధ్య పుట్టే రాపిడిని నొచ్చుకోకూడని ఎగతాళి చల్లారుస్తుందని ఆయన వివరణ. మన ఇయ్యపురాండ్ల పాటలు చేసే పనీ అదే.

ఇప్పుడు మేనరికాలు తగ్గుతున్నాయి. ఒక్క బిడ్డే ఉన్న ఇళ్లు పెరుగుతున్నాయి. రేపటి పిల్లలకు మేనత్త ఎక్కడిది, బావ ఎక్కడివాడు? అయినా పెండ్లినాడు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలుస్తూనే ఉన్నారు. మొగని పేరు పలకడమే తప్పనుకునే రోజుల్లో కొత్త కోడలి నోట ఆ పేరు చెప్పించడానికి పుట్టిన ఆట ఇది. ఏడాదిగా ఫోన్లో పేరు పెట్టి పిలుచుకుంటున్న పిల్ల కూడా అక్కడికి రాగానే తల వంచుకుంటుంది. "పేరు చెప్పి లోపలికి రా. నీకు బిడ్డ పుడితే నా కొడుక్కే ఇయ్యాలె" అంటూ చేతులు చాపి నిలబడుతుంది ఆడబిడ్డ.