మిన్నెసోటా పెట్రోల్లో రైతు వాటా

మన దగ్గర ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు మీద ఇంత చర్చ జరుగుతుంటే, నేను స్థిరపడిన మిన్నెసోటా సంగతి మీకు చెప్పాలనిపించింది. సుమారు పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే అమ్మాలన్న నిబంధన ఇక్కడ 1997 నుంచి ఏడాది పొడవునా, రాష్ట్రమంతటా అమల్లో ఉంది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం ఇదే.

దీని వేర్లు 1980ల వ్యవసాయ సంక్షోభంలో ఉన్నాయి. వడ్డీలు పెరిగాయి, పంట ధరలు పడిపోయాయి, తాతల నాటి పొలాలు వేలానికి వచ్చాయి. మొక్కజొన్న రైళ్లలో, పడవల్లో బయటికి పోయేది. దాని మీద వచ్చే లాభమూ ఊరు దాటిపోయేది. 1980లో రాష్ట్రం ఇచ్చిన పన్ను రాయితీ ఇథనాల్‌ను పెట్రోల్లో కలిపే వ్యాపారికి చేరింది. ఆ ఇథనాల్ ఎక్కడ తయారైందన్నది అతనికి ముఖ్యం కాదు. అందుకే 1986లో శాసనసభ దారి మార్చి, మిన్నెసోటాలో తయారైన ప్రతి గాలన్‌కూ 20 సెంట్లు తయారీదారుకే ఇవ్వాలంది. తర్వాత దానికో షరతు చేరింది. ఒక్కో ఫ్యాక్టరీకి ఏడాదికి మొదటి కోటిన్నర గాలన్ల మీదే ఆ సొమ్ము, అంటే 30 లక్షల డాలర్లకు మించేది కాదు.

ఈ చరిత్రకంతటికీ గుండెకాయ ఆ షరతేనని నా నమ్మకం. పెద్ద కంపెనీ ఒకే చోట మహా కర్మాగారం కట్టి ఖజానా ఊడ్చుకుపోయే వీలు లేకపోయింది. విన్నెబేగో, బెన్సన్, లువర్న్ లాంటి చిన్న ఊళ్ల రైతులు సహకార పద్ధతిలో సొంత ఫ్యాక్టరీలు కట్టుకున్నారు. వాటా కొన్న రైతుకు లాభంలో హక్కుతో పాటు, వాటాకు తగ్గ మొక్కజొన్న తోలాల్సిన బాధ్యత కూడా ఉండేది. సుమారు 25 కిలోల గింజల నుంచి రెండు ముప్పావు గాలన్ల దాకా ఇథనాల్ వస్తుంది. మిగిలిన పిప్పి పశువులకు దాణా అవుతుంది.

సరుకు తయారైతే చాలదు, కొనేవాళ్లు కావాలి. ఆ గిరాకీ గాలి కాలుష్యం వల్ల వచ్చింది. ఇక్కడి జంట నగరాలు మినియాపొలిస్, సెయింట్ పాల్‌లలో చలికాలం కార్బన్ మోనాక్సైడ్ మితిమీరేది. 1990 నాటి కేంద్ర చట్టం అలాంటి నగరాల్లో, ఇథనాల్ లాంటివి కలిపి ఆక్సిజన్ పెంచిన పెట్రోలు వాడమంది. మిన్నెసోటా దాన్ని ముందు చలికాలానికి, 1995లో జంట నగరాలకు ఏడాది పొడవునా, ఆపై రాష్ట్రమంతటికీ తెచ్చింది. పడవలకు, మంచు మీద నడిచే స్నోమొబైళ్లకు, అపురూపంగా దాచుకున్న పాత కార్లకు మాత్రం ఇథనాల్ లేని ప్రీమియం పెట్రోలు అమ్మనిచ్చింది. పాత బండి ఉన్నవాడి గోడు చట్టం విన్నదన్నమాట. ఇది మనవాళ్లు గమనించాలి.

అన్నీ సవ్యంగా జరగలేదు. సెయింట్ పాల్‌లో పాత బీరు కర్మాగారంలో 2000లో పెట్టిన ఇథనాల్ ఫ్యాక్టరీ వాసనకూ, హోరుకూ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అల్లాడిపోయారు. 2004లో అది మూతపడింది. మార్షల్ అనే ఊరు కేంద్రంగా వేల మంది రైతులు నిర్మించుకున్న సంస్థ 2002లో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ అనే పెద్ద కంపెనీ చేతికి పోయింది. మరుసటి ఏడాది బడ్జెట్ లోటు పేరుతో, తయారీదారుకిచ్చే 20 సెంట్లు కాస్తా 13 అయ్యాయి. 2013కల్లా ఇరవై శాతానికి పోవాలని 2005లో చేసిన చట్టం కేంద్రం అనుమతి లేక ఆగిపోయింది.

ఇక మన సంగతికొస్తే, 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కారు. సెయింట్ పాల్‌లో జరిగింది చూస్తే వాళ్ల భయం నాకు అన్యాయంగా తోచదు. ఇథనాల్ వద్దని నేననను. మీ జిల్లాలో ఫ్యాక్టరీకి రాయితీలు ప్రకటించినప్పుడు మాత్రం మీ శాసనసభ్యుణ్ని నిలదీసి అడగండి: అందులో మొక్కజొన్న, వరి పండించేవాళ్లకు వాటా ఎంత? ఒక్క కంపెనీకి ఇచ్చే ప్రజల సొమ్ముకు పరిమితి ఎంత? ఊళ్లకు ఎంత దూరంలో కడతారు? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాకుండా గ్రామసభలో చేయి ఎత్తకండి.