ఒకే గాటన కట్టిన కుకీ, క్యాష్

చెన్నై వాషర్‌మెన్‌పేటకు ఆ పేరు ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం తెచ్చిపెట్టింది. మగ్గం దిగిన నూలుగుడ్డను ఉతికి, ఎండకు ఆరేసి తెల్లబరిచే రజకులు కాపురమున్న చోటు అది. ఎవరి బట్ట ఎవరిదో కలిసిపోకుండా రజకులు మూలన నల్లజీడి గింజ రసంతో చిన్న గుర్తు పెట్టేవారు. సున్నం తగిలితే అది నల్లగా దిగబడిపోతుంది. బట్టలిచ్చినవాళ్ళకు ఆ గుర్తు అర్థం కాదు, పెట్టినవాళ్ళకే తెలుసు. సైటు మన బ్రౌజర్‌లో రాసిపెట్టే చిన్న చీటీ, అంటే కుకీ, చేసేదీ ఆ పనే. కాకపోతే ఇది ఉతికితే పోతుంది.

1994లో నెట్‌స్కేప్ బ్రౌజరు సంస్థ ఇంజినీరు లూ మాంటుల్లీ కుకీని తయారుచేశాడు. అప్పటికి వెబ్‌సైటుకు జ్ఞాపకమనేదే లేదు. ఒక పేజీ ఇచ్చి, రెండోది అడిగేసరికి అడిగిందెవరో మరిచిపోయేది. మరి బుట్టలో వేసుకున్న సరుకు ఎలా నిలుస్తుంది? ప్రతి బ్రౌజరుకూ ఒక శాశ్వత నంబరు ఇచ్చేస్తే పని తేలిగ్గా అయిపోయేది. ఆ నంబరు పట్టుకుని ఎవరైనా మనిషి వెంటపడతారని మాంటుల్లీ దానికి ఒప్పుకోలేదు. ఏ సైటు రాసిన చీటీ ఆ సైటుకే కనబడేలా కట్టుదిట్టం చేశాడు. మంచి ఆలోచనే, కానీ సందు మిగిలింది. పేజీలో అతికించిన ప్రకటన కూడా తన చీటీ తాను రాసుకోవచ్చు. ఒకే సంస్థ ప్రకటనలు వందల సైట్లలో ఉంటే ఇంకేముంది, మనం ఎక్కడెక్కడ తిరిగామో దానికి తెలిసిపోతుంది! 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాసిన తర్వాతే ఈ వ్యవహారం జనం నోట పడింది.

క్యాష్ అంతకంటే పాతది. 1965లో కంప్యూటర్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ చెప్పిన ఊహ, 1968లో ఐబీఎం యంత్రంలోకి వచ్చింది. తరచూ కావలసినదాన్ని చేతికందేలా దగ్గర పెట్టుకోవడమే ఆ ఊహ; బ్రౌజర్ క్యాష్ చేసేదీ అదే. మీరెవరన్నది దానికి అనవసరం. ఒకసారి దింపుకున్న బొమ్మను దగ్గర పెట్టుకుంటుంది, అంతే. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మదరాసులో ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు, ఆ డయలప్ నత్తనడకలో క్యాషే దిక్కు.

ఈ రెండింటినీ చెరపడానికి మొదట్లో ఒక్క చోటంటూ లేదు. నెట్‌స్కేప్‌లో క్యాష్‌కు బటన్ ఉండేది. కుకీలు పోవాలంటే కుకీస్ డాట్ టెక్స్ట్ అనే ఫైలును వెతికి తుడవాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో రెండింటికీ వేర్వేరు బటన్లు. 2005లో ఫైర్‌ఫాక్స్ 1.5, మరుసటి ఏడు ఎక్స్‌ప్లోరర్ 7 అన్నిటినీ ఒకే పెట్టెలో సర్దేశాయి. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కడం జనానికి అలవాటైంది. బ్రౌజింగ్ సెంటర్లో పదిమంది వాడే కంప్యూటరుకు అది వరమే. నా లెక్కన మాత్రం ఆ సర్దుబాటుతోనే గందరగోళం మొదలైంది: పాత బొమ్మ పోవాలని నొక్కినవాళ్ళ లాగిన్లన్నీ ఊడిపోయాయి.

అయినా బ్రౌజింగ్ సెంటర్లో చెరిపింది నిజంగా చెరిగిందా? 2011 ఏప్రిల్‌లో వచ్చిన సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం, యజమాని గుర్తింపు కార్డు చూసి వివరాలు రాసుకోవాలి, చూసిన సైట్ల చిట్టాను కనీసం ఏడాది దాచాలి. బ్రౌజరు ఖాళీ అయినా ఆ చిట్టా కౌంటరు వెనకే ఉండేది.

ఇప్పుడు ఫోన్లోనూ అదే పెట్టె. పేజీ పాతదే కనబడుతుంటే క్యాష్ గడిలో మాత్రం టిక్కు ఉంచండి. కుకీల టిక్కు తీసేయండి, లేదంటే మళ్ళీ ఓటీపీల కోసం ఎదురుచూడాలి.